పెంకుపురుగు వీపు మీద ఉన్నది మూతా, రెక్కా?

ప్రశ్న: పెంకుపురుగుల మీద వ్యాసం అనువదిస్తున్నాను. వాటి వీపు మీది గట్టి కప్పును ఇంగ్లీషులో ‘ఎలిట్రా’ అంటారు, దానికి ‘రెక్కల మూత’ అంటే సరిపోతుందా?

– సరిపోదండీ. మూత అనగానే రెక్క వేరు, దాన్ని కప్పేది వేరు అనిపిస్తుంది. నిజానికి అదీ రెక్కే, ముందుజత. ఎగరడానికి పనికొచ్చే పల్చటి వెనకజత దాని కింద మడతపడి ఉంటుంది. ‘పెంకురెక్క’ అనండి, రెండు విషయాలూ వచ్చేస్తాయి.

– ‘కఠినపక్షం’ అని ఒకచోట చూశాను.

– అది వింటే ఎన్నికలు గుర్తొస్తాయి! ‘పెంకుపక్షం’ అన్నా వైరి సమాసమే. పెంకురెక్కలో రెండూ తెలుగు మాటలే. పైగా పెంకుటింటి పోలిక బాగా కుదిరింది. పెర్మియన్ యుగం తొలినాళ్ల శిలాజాల్లో, అంటే సుమారు 29 కోట్ల ఏళ్ల కిందట, ఈ రెక్కలు ఇంటికప్పులా రెండువైపులా వాలి, పొట్ట చివర దాటి బయటికి ఉండేవి. వాటి మీద ఈనెలు, ఈనెల మధ్య గళ్ల వరసలు స్పష్టంగా కనిపిస్తాయి. అవి రెక్కలేననడానికి ఇంతకన్నా ఏం కావాలి? పొట్టకు బిగుతుగా అమరడం, నడుమ అంచులు ఒకదానిలో ఒకటి ఇరుక్కోవడం తర్వాతి సంగతి.

– జన్యువుల వైపు నుంచి చూస్తే ఇంకా తమాషా. పిండిలో చేరే ఎర్ర పెంకుపురుగులో అల్ట్రాబైథొరాక్స్ అనే జన్యువును పనిచేయకుండా అణిచేస్తే వెనకరెక్కలు కూడా పెంకురెక్కలైపోతాయి. అంటే వెనకజతను పల్చగా నిలిపి ఉంచేది ఆ జన్యువే. ఈగలో అదే జన్యువు వెనకరెక్కను చిన్న గుండీకాడలా కుదిస్తుంది. కాబట్టి ‘ముందురెక్కలు గట్టిపడ్డాయి’ అని రాయండి, ‘రెక్కల మీద పెంకు పుట్టింది’ అని రాయకండి.

– అనువాదంలో ఇంకో పొరపాటు, ప్రతి పురుగుకూ ‘పెంకులు విప్పి ఎగిరింది’ అనేయడం. పూల మీద వాలే సెటోనియా రకాలు పెంకురెక్కలు దాదాపు మూసే ఉంచి, పక్క నొక్కులోంచి వెనకరెక్కలు చాపుతాయి. కొన్ని ఎడారి జాతుల్లోనైతే పెంకురెక్కలు రెండూ అతుక్కుపోయి ఉంటాయి, వెనకరెక్కలు ఉండవు, ఎగరడమే లేదు.

– మరి ముందురెక్క మొదలు సగమే గట్టిగా ఉండే రసంపీల్చే పురుగులకో?

– ‘అరపెంకురెక్క’ అనొచ్చు. అవి పెంకుపురుగులు కావు, అక్కడ గట్టిదనం వేరుగా వచ్చింది.

ప్రశ్న: బాగుంది. గ్రీకు మాటే ఉంచాలంటే ‘ఎలిట్రాలు’ అనొచ్చా?

– ఒకటైతే ఎలిట్రాన్, రెండైతే ఎలిట్రా. ‘లు’ చేరిస్తే బహువచనం మీద బహువచనం. పత్రికలో ఎవరూ పట్టించుకోరు, పాఠ్యపుస్తకంలో మాత్రం వద్దు.