ఇంటర్వ్యూలో నిజంగా కసి ఉన్నవాళ్లని ఎలా పట్టాలి?

కూకట్‌పల్లి_ఓనర్:
మాది 12 మంది ఉన్న చిన్న ఆఫీసు, మెడికల్ షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిస్తాం. సపోర్ట్‌కి ఇద్దరు కావాలి. వచ్చిన ప్రతివాళ్లూ "నేర్చుకోవాలని చాలా ఉంది సార్" అంటారు, అమీర్‌పేటలో అందరికీ ఒకటే పాఠం చెప్పి పంపారా అన్నట్టు. పోయినసారి అలా తెగ హుషారుగా మాట్లాడిన కుర్రాణ్ణి తీసుకున్నా. 20 రోజులకి లంచ్‌కని వెళ్లి మళ్లీ రాలేదు, ఫోనూ ఎత్తలేదు. గంటలో మనిషిని ఎలా పోల్చుకుంటారండీ?

ఇరానీచాయ్:
హుషారు వేరు, కసి వేరు. నేను ఒకటే అడుగుతా, ఎవరూ చెప్పకుండా మీ అంతట మీరు చేసిన పని ఏంటని. ఎందుకు మొదలెట్టారు, ఎక్కడ ఆగిపోయింది, అప్పుడేం చేశారు అని తవ్వుతూ పోతే, బట్టీపట్టినవాళ్లు మూడో ప్రశ్నకే దిక్కులు చూస్తారు. ఒకమ్మాయి, టెన్షన్‌తో గొంతు కూడా పెగల్లేదు పాపం, ఫోన్ తీసి వాళ్ల బాబాయి కిరాణా కొట్టు అప్పుల ఖాతా ఎక్సెల్‌లో చూపించింది. నెల దాటిన బాకీలు ఎర్రగా కనిపిస్తాయి. ఇద్దరు లక్ష్ముల బాకీలు కలిసిపోతున్నాయని ఫోన్ నంబర్ పెట్టి విడదీసిందట. అది చెప్తుంటే గొంతు దానంతటదే లేచింది. నాలుగేళ్లుగా మా దగ్గరే ఉంది, ఇప్పుడు నా తప్పులు తనే పడుతోంది.

మియాపూర్_మెట్రో:
అన్నా, అటువైపు నుంచి కూడా చూడు. రిసెప్షన్‌లో రెండు గంటలు కూర్చోబెడితే కసి అక్కడే చల్లారిపోద్ది. జీతం ఎంత, శనివారం రావాలా అని అడిగితే "ఆసక్తి లేదు" అని రాసుకునేవాళ్లని చూశా. మీ కుర్రాడికి అవన్నీ చేరాకే తెలిశాయేమో.

లెక్కల_పిచ్చి:
అందరినీ అవే ప్రశ్నలు అడిగి అప్పటికప్పుడే మార్కులు వేసుకోండి. 1998లో ష్మిట్, హంటర్ అనే ఇద్దరు పరిశోధకులు 85 ఏళ్ల పరిశోధనలు కలిపి చూస్తే, పని చేయించి చూసే పరీక్షకీ తర్వాతి పనితీరుకీ పొంతన 0.54 (1 అయితే పూర్తి పొంతన, 0 అయితే ఏమీ లేనట్టు), అనుభవం ఏళ్లకి 0.18. 2022లో శాకెట్ అనే మరో పరిశోధకుడి బృందం ఆ పాత అంకెల్లో చాలావాటిని తగ్గించింది గానీ, ఇలా అందరికీ ఒకే పద్ధతిలో చేసే ఇంటర్వ్యూకి అప్పుడు కూడా 0.42 వచ్చింది. మీరైతే, రాత్రి 9కి బిల్లు ప్రింట్ కావట్లేదని షాపాయన అరుస్తున్నట్టు నటించండి. వాళ్లు ముందు ఏం అడుగుతారో వినండి.

కూకట్‌పల్లి_ఓనర్:
అరవడం నాకు బాగానే వచ్చు. రేపు నలుగురు రావాలి. శనివారాల సంగతి ఇవాళ ముందే మెసేజ్ పెట్టా, అప్పుడే ఇద్దరు రామని ఫోన్ చేశారు.