అప్‌డేట్: సెంట్‌ఓఎస్ 7 నుంచి ఆల్మాలినక్స్ 9కి మారాం
2024 జూన్ 30తో సెంట్‌ఓఎస్ 7 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి సపోర్ట్ ఆగిపోయింది, దానిమీద నడిచే మా బిల్లింగ్ సర్వర్‌ని అలాంటివే అయిన డెబియన్ 12కి మార్చాలా, ఆల్మాలినక్స్ 9కా అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

ఆల్మానే ఎంచుకున్నాం. 2032 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. పైగా యమ్ (సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే టూల్), ఫైర్‌వాల్‌డీ (ఫైర్‌వాల్‌ని నడిపే టూల్) కోసం రాసుకున్న మా స్క్రిప్టులు దాదాపు అలాగే నడిచాయి. పాత సర్వర్‌ని ముట్టుకోకుండా కొత్త మెషీన్‌లో ఇన్‌స్టాల్ చేసి డేటా తెచ్చుకోమన్న సలహా మమ్మల్ని కాపాడింది.

ఒక రోజంతా టెన్షన్ పెట్టింది మాత్రం ఎస్ఈలినక్స్, అంటే ఏ ప్రోగ్రామ్ ఏం చేయొచ్చో కట్టడి చేసే లినక్స్ భద్రతా వ్యవస్థ. అది అడ్డుకోవడంతో వెబ్‌సైట్ వేరే మెషీన్‌లోని డేటాబేస్‌కి కనెక్ట్ కాలేదు. పాత సర్వర్‌లో ఎస్ఈలినక్స్‌ని ఆపేసి ఉంచారు, అందుకే ఇన్నాళ్లూ తెలియలేదు. మీకూ ఇదే వస్తే దయచేసి ఆఫ్ చేయకండి. సెట్‌సెబూల్ కమాండ్‌తో, వెబ్‌సర్వర్‌ని డేటాబేస్‌కి కనెక్ట్ కానిచ్చే ‘హెచ్‌టీటీపీడీ_క్యాన్_నెట్‌వర్క్_కనెక్ట్_డీబీ’ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే చాలు.

డెబియన్, ఆల్మాల్లో ఏది వేగం అన్న చర్చ మా పనికి అవసరం పడలేదు.