పాఠంలో పుట్టిన కథ ఎవరిది?

గోదారి గట్టు:

మిత్రులకు నమస్కారం. ఇరాన్ దర్శకుడు అస్ఘర్ ఫర్హాదీ తీసిన ‘ఎ హీరో’ సినిమా కథను తన విద్యార్థిని డాక్యుమెంటరీ నుంచి తీసుకున్నారన్న ఆరోపణ మీద నడిచిన వివాదం, 2024లో అక్కడి కోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పు ఇవ్వడంతో ముగిసిందని చాలామంది అంటున్నారు. నాకు మాత్రం ముగిసినట్టు అనిపించడం లేదు.

సంగతి తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. 2014లో టెహ్రాన్‌లో ఫర్హాదీ ఒక శిక్షణ తరగతి నడిపారు. దొరికిన సొమ్మును తిరిగి ఇచ్చేసిన మామూలు మనుషుల మీద డాక్యుమెంటరీలు తీయమని విద్యార్థులకు పని అప్పగించారు. ఆజాదే మసీహ్‌జాదే అనే విద్యార్థిని షీరాజ్‌లో ఒక ఖైదీని వెతికి పట్టుకున్నారు. సెలవు మీద జైలు నుంచి బయటికి వచ్చినప్పుడు దొరికిన సొమ్మును అప్పగించి పేరు తెచ్చుకున్న మనిషి ఆయన. ఆ డాక్యుమెంటరీ పేరు ‘ఆల్ విన్నర్స్, ఆల్ లూజర్స్’. 2021లో వచ్చిన ఫర్హాదీ సినిమాలోనూ షీరాజే, అప్పు తీర్చలేక జైలుకు వెళ్ళి సెలవు మీద వచ్చిన మనిషే, దొరికిన బంగారు నాణేల సంచే. కాన్ సినిమా ఉత్సవంలో ఆ సినిమా గ్రాండ్ ప్రీ బహుమతిని మరో చిత్రంతో కలిసి పంచుకుంది. ఆలోచన తరగతిలో తానే ఇచ్చానని, ఆ సంఘటన అప్పటికే వార్తల్లో ఉందని ఫర్హాదీ వాదన. ఆ ఖైదీని వెతికింది తానేనని, 2019లో ఆలోచన గురువుదేనని రాసిన కాగితం మీద తనతో సంతకం పెట్టించుకున్నారని ఆమె వాదన. పరువు నష్టం కింద ఆయన ఆమె మీద పెట్టిన కేసు కూడా నిలబడలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫర్హాదీ గొప్ప దర్శకుడు, ఆ సినిమా గొప్ప సినిమా, అయినా ఇది దొంగతనమే. కాదనగలిగే స్థితిలో లేని మనిషి దగ్గర తీసుకుని, ఆ మనిషి పేరు చెప్పకపోతే దానికి స్ఫూర్తి అనే పేరు తగదు.

నల్లకోటు:

గోదారి గట్టు గారూ, మీ ఆవేదన అర్థమైంది. కానీ మీరు గీస్తున్న గీత రేపు మన స్వతంత్ర సినిమా మెడకే ఉరితాడవుతుందని నా భయం. జరిగిన సంఘటన ఎవరి సొత్తూ కాదు. ఒక ఖైదీ జీవితం మీద ముందుగా కెమెరా పెట్టినవారికే హక్కు ఉంటుందంటే, రైతు ఆత్మహత్య మీద మొదట వార్త రాసిన విలేఖరి అనుమతి లేకుండా ఎవరూ ఆ ఊరి కథ తీయకూడదన్నమాట.

మన దేశంలో ఈ ప్రశ్నకు పునాది 1978లో సుప్రీంకోర్టు ఆర్.జి. ఆనంద్ కేసులో ఇచ్చిన తీర్పు. ఆయన రాసిన ‘హమ్ హిందుస్తానీ’ నాటకంలో ఒక పంజాబీ కుటుంబం, ఒక మద్రాసీ కుటుంబం, వాటి మధ్య ప్రాంతీయ దురభిమానం, పిల్లల ప్రేమ ఉంటాయి. సినిమావాళ్ళు వచ్చి అడిగితే ఆయన నాటకమంతా వినిపించారు. 1956లో ‘న్యూఢిల్లీ’ సినిమా వచ్చింది. అందులోనూ అవే రెండు కుటుంబాలు. అయినా ఆయన కింది కోర్టులోనూ, హైకోర్టులోనూ, సుప్రీంకోర్టులోనూ ఓడిపోయారు. ఆలోచనకు, ఇతివృత్తానికి, చారిత్రక వాస్తవానికి కాపీరైటు ఉండదని, రెండూ చూసిన ప్రేక్షకుడికి ఇది దానికి నకలే అన్న భావన నిస్సందేహంగా కలిగినప్పుడే ఉల్లంఘన అవుతుందని కోర్టు చెప్పింది. కఠినంగా కనిపించినా, ఈ నియమమే లేకపోతే పేద దర్శకుడు ఒక్క కథ కూడా ధైర్యంగా ముట్టుకోలేడు. కేసులు వేసే స్తోమత పెద్ద సంస్థలకే ఉంటుందని మరచిపోకండి.

కృష్ణానగర్ వాసి:

నల్లకోటు గారి మాటల్లో తప్పు లేదు. కానీ కథ వినిపించి ఇంటికి వచ్చిన ఆనంద్ గారికి ఆ రాత్రి నుంచి ఏం జరిగిందో తీర్పులో ఉండదు. నేను తొమ్మిదేళ్ళు కథా చర్చల్లో కూర్చున్న మనిషిని. ఒక దర్శకుడి దగ్గర, ఆయన పేరు ఇక్కడ అనవసరం, ఒక సిట్టింగ్‌లో మా నాన్న సంగతి చెప్పాను. నాన్న పోయిన నెల తరువాత కూడా నేను ప్రతి ఆదివారం ఆయన సైకిల్‌కు గాలి కొట్టించి, తుడిచి, ఎవరూ తొక్కని ఆ బండిని మళ్ళీ వసారాలో నిలబెట్టేవాణ్ణి. అది సినిమాలో వచ్చింది, చాలా బాగా వచ్చింది, హాల్లో జనం ఏడ్చారు. టైటిల్స్‌లో నా పేరు లేదు. తరువాత ఒక ముఖాముఖిలో ఆ సన్నివేశం తన జీవితం నుంచి వచ్చిందని ఆయన చెప్పారు.

సన్నివేశం పోయిందని నాకు బాధ లేదు. సినిమాకు పనికొస్తుందనే చెప్పాను, అందుకు జీతం కూడా తీసుకున్నాను. మా ఊళ్ళో సినిమా చూసినవాళ్ళు మా అమ్మ దగ్గరికి వచ్చి, మీ ఇంటి సంగతి ఆయనకెలా తెలిసిందమ్మా అని అడిగితే, ఆమె జవాబు చెప్పలేక ఊరుకుంది. చట్టం దీన్ని ఏ పేరుతో పిలుస్తుందో నాకు తెలియదు.

పద్యప్రియ:

ఈ గీత కోసం మనవాళ్ళు కోర్టుల కంటే చాలా ముందే వెతికారు. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’ అనే కావ్యశాస్త్ర గ్రంథం చివరి భాగంలో, ఒక కవి రచనకు మరొక కవి రచనతో ఉండే పోలికను మూడు రకాలుగా విడదీశాడు. అద్దంలో నీడలాంటిది ప్రతిబింబకల్పం. దానికి తనదైన ఆత్మ ఉండదు. బొమ్మ గీసినట్టుండేది ఆలేఖ్యప్రఖ్యం. ఆత్మ ఉన్నా అది అల్పం. ఇద్దరు మనుషుల మధ్య ఉండే పోలికలాంటిది తుల్యదేహితుల్యం. అవయవాల అమరిక ఒకటే అయినా ప్రాణాలు వేరు. మొదటి రెండింటినీ కవి వదిలిపెట్టాలన్నాడు, మూడోదాన్ని వదలనక్కరలేదన్నాడు. కళ్ళూ ముక్కూ ఒకేలా ఉన్నాయని ఒక మనిషిని మరొకరి నకలు అనము కదా.

మన రామరాజభూషణుడు తన వసుచరిత్ర కావ్యంలో ఇంకో అడుగు వేశాడు. కేవలం కల్పించిన కథలను కృత్రిమ రత్నాలన్నాడు, పాత కథలను గనిలో పుట్టిన రత్నాలన్నాడు, కవి కల్పనతో మెరుగు పెట్టిన పాత కథలను సానబట్టిన జాతిరత్నాలన్నాడు. అంటే తీసుకోవడం తప్పు కాకపోగా, సానబట్టడమే అసలు కవి పని.

ఈ తూకంలో ‘ఎ హీరో’ను పెడితే నాకు అది తుల్యదేహితుల్యంగానే కనిపిస్తుంది. మంచి పని చేసిన మనిషి చుట్టూ జైలు అధికారులు, టెలివిజన్ వాళ్ళు, ధర్మసంస్థ, బంధువులు తలా ఒక చిన్న అబద్ధం చేర్చగా, ఆ అబద్ధాల బరువుకే అతను కుంగిపోవడం ఆ సినిమా ప్రాణం. కాబట్టి గోదారి గట్టు గారి ‘దొంగతనం’ అన్న మాటను నేను ఒప్పుకోను. అయితే మన కావ్యాల్లో కథ మొదలుకాకముందే పూర్వకవిస్తుతి ఉండేది. తెలుగు కవి తన ముందువారికి నమస్కరించిన తరువాతే గంటం కదిలించాడు. నమస్కరించడం వల్ల ఎవరి గొప్పతనమూ తగ్గలేదు.

మట్టిరోడ్డు:

నేను లఘుచిత్రాలు తీస్తాను. పెద్దవాళ్ళ సంగతి సరే, మన సంగతి కూడా కొంచెం చూద్దాం. ఇరాన్, కొరియా సినిమాల నుంచి షాట్లకు షాట్లు దింపి, వాటికి ‘నివాళి’ అని పేరు పెట్టేది మనమే. అసలు దర్శకుడు మన యూట్యూబ్ లింకు ఎన్నడూ చూడడన్న ధైర్యమే ఆ మాట అనిపిస్తుంది.

నా ఇరవై రెండు నిమిషాల చిత్రంలో ఒక పాప కొండ మీదికి వంకరటింకర దారిలో పరుగెత్తుతుంది. అది 1987లో ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియారోస్తమీ తీసిన ‘వేర్ ఈజ్ ది ఫ్రెండ్స్ హౌస్?’ లోని దారి. పార్వతీపురం దగ్గర ఒక గుట్ట మీద రెండు రోజులు గునపాలతో తవ్వించి మరీ అలాంటి దారి వేయించాను. అది అక్కడి ప్రకృతి ఇచ్చిన దృశ్యమని, ఎవరైనా తీసుకోవచ్చని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కియారోస్తమీ కూడా ఆ దారిని సినిమా కోసమే వేయించారని తరువాత చదివాను. అంటే నేను తీసుకున్నది కొండను కాదు, ఒక మనిషి ఆలోచనను, శ్రమను. ఆ సినిమా పేరు సొహ్రాబ్ సెపెహ్రీ కవితలోని వాక్యమనీ, సినిమాను ఆ కవికే అంకితం చేశారనీ అప్పుడే తెలిసింది. నేను ఎవరి దగ్గర తీసుకున్నానో ఆయనే తాను తీసుకున్న చోటు చెప్పి ఉన్నాడు. ఇప్పుడు నా చిత్రం మొదట్లో ఆయన పేరు ఉంది.

ఇంకొక్క మాట. చిన్నవాడు పెద్దవాడి దగ్గర తీసుకుంటే పెద్దవాడికి పోయేది దాదాపు ఏమీ లేదు. పెద్దవాడు చిన్నవాడి దగ్గర తీసుకుంటే, చిన్నవాడు తన సొంత సినిమాను మళ్ళీ ఎక్కడ చూపించినా ‘ఇది ఫలానా సినిమాలో చూశామే’ అంటారు. ముందు తీసినవాడే దొంగగా మిగులుతాడు. మసీహ్‌జాదే డాక్యుమెంటరీని ఇవాళ ‘ఎ హీరో’ తలపుకు రాకుండా చూడగలవారు ఎవరైనా ఉన్నారా?

నల్లకోటు:

మట్టిరోడ్డు గారు చెప్పిన నష్టానికి కాపీరైటు చట్టంలో సరైన మందు లేదని ఒప్పుకుంటాను. అయితే మరో దారి ఉంది. నమ్మకం మీద చెప్పిన ఆలోచనను, చెప్పినవారి అనుమతి లేకుండా వాడుకుంటే అది విశ్వాసభంగం కింద వస్తుంది. టెలివిజన్ కార్యక్రమాల ఆలోచనల విషయంలో ఢిల్లీ హైకోర్టు 2002లో అనిల్ గుప్తా కేసులోనూ, బొంబాయి హైకోర్టు 2003లో జీ టెలీఫిల్మ్స్ కేసులోనూ ఈ రక్షణ ఇచ్చాయి. అందుకు ఆలోచన కొంత వివరంగా, కాగితం మీద ఉండాలి. ఎవరికి, ఎప్పుడు, ఏ షరతు మీద చెప్పారో చూపించగలగాలి. రచయితల సంఘంలో రిజిస్టరు చేయడం తేదీకి సాక్ష్యమే తప్ప హక్కును పుట్టించదు. కృష్ణానగర్ వాసి గారూ, సిట్టింగ్ అయిన రాత్రే ఆ రోజు మీరు చెప్పినవి రాసి దర్శకుడికి ఒక ఈమెయిల్ పంపే అలవాటు చేసుకోండి. మర్యాదగానే రాయవచ్చు.

గోదారి గట్టు:

పద్యప్రియ గారి మాట తరువాత సినిమాను మళ్ళీ చూశాను. ‘దొంగతనం’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కథ విషయంలో ఫర్హాదీ చేసింది సానబట్టడమే. కానీ ఆ సంతకం దగ్గర మాత్రం నేను కదలలేకపోతున్నాను. మసీహ్‌జాదే చెప్పినట్టే జరిగి ఉంటే, ఆలోచన ఎవరి సొత్తూ కాదన్న వాదన అక్కడే కూలిపోతుంది. ఎవరిదీ కానిదాన్ని నాదేనని మరొకరి చేత రాయించుకోవలసిన అవసరం ఎవరికి ఉంటుంది? పైగా గురువు కాగితం చాపితే శిష్యురాలు ఎలా కాదంటుంది?

ఈ చర్చ నేనెందుకు మొదలుపెట్టానో కూడా చెప్పాలి. రాజమండ్రిలో పద్నాలుగు మంది పిల్లలకు లఘుచిత్రాల తరగతి నడుపుతున్నాను. ‘మీ ఇంటి దగ్గర ఆగిపోయిన పని’ అని నేను అభ్యాసం ఇచ్చాను. ఒక అమ్మాయి, వంతెన వచ్చాక పడవను అమ్మలేక, నీళ్ళలో దించలేక, ఏటా దానికి తారు మాత్రం పూస్తున్న తన తాత గురించి నాలుగు పేజీలు రాసి తెచ్చింది. నెల రోజులుగా ఆ పడవ నా తలలోంచి పోవడం లేదు. నా తరువాతి సినిమా అదేనని రెండుసార్లు ఇంట్లో అనేశాను కూడా. అభ్యాసం ఇచ్చింది నేనే కదా అని నాకు నేను చెప్పుకున్న మాటే ఫర్హాదీ వాదనలో కనిపించి ఉలిక్కిపడ్డాను.

నల్లకోటు గారూ, తరగతిలో పుట్టిన ప్రతి కథా రాసినవారిదేనని, అడగకుండా, పేరు వేయకుండా, డబ్బు ఇవ్వకుండా నేను వాడుకోనని ఒక పేజీ కాగితం రాయాలనుకుంటున్నాను. సంతకం నాది, కాగితం వాళ్ళ దగ్గర ఉంటుంది. వాక్యాలు ఎలా ఉండాలో దయచేసి చెప్పండి, శనివారం తరగతికి అది కావాలి. పడవ కథ అడగడమా మానడమా అన్నది, కాగితం ఆ అమ్మాయి చేతిలో పెట్టిన తరువాతే ఆలోచిస్తాను.