బెజవాడ నుంచి గుంటూరుకి రోజూ బండి మీదే: వంద సీసీనా, నూట పాతికా?

పటమట పిల్లోడు:
అందరికీ నమస్కారం. గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూసే ఉద్యోగం వచ్చింది. ఇల్లు పటమటలో. పోను రాను దగ్గర దగ్గర 70 కిలోమీటర్లు, నెలకి 26 రోజులు. అమ్మకి ఒంట్లో బాగుండదు కాబట్టి మకాం మార్చే ప్రసక్తి లేదు. చేతిలో లక్ష ఉంది, ఇంకో పది వేలు సర్దగలను. నాన్నది ఒకటే మాట, వంద సీసీ బండి: "స్ప్లెండర్ కొనరా, పోతుంది, వస్తుంది, ఇంకేం కావాలి?" షోరూం అతను నూట పాతిక తీసుకోమంటాడు. అతను అమ్ముకునేవాడు కాబట్టి ఆ మాట పక్కన పెడదాం. రోజూ ఆ రోడ్డు మీద తిరిగేవాళ్లు చెప్పండి.

నాలుగో లైను:
తమ్ముడూ, నాన్నగారి మాట విను. బ్రాడీపేట నుంచి మంగళగిరికి ఎనిమిదేళ్లుగా నేను వంద సీసీ మీదే తిరుగుతున్నాను. 97 సీసీ ఇంజను, నాలుగు గేర్లు, 112 కిలోల బరువు. ఏ ఊళ్లో ఆగినా బాగుచేసేవాడు దొరుకుతాడు. లెక్క వేసుకో. నెలకి 1,820 కిలోమీటర్లు. వంద సీసీ లీటరుకి 60 ఇస్తే 30 లీటర్లు చాలు. నూట పాతిక 50 ఇస్తే 36 పైనే. లీటరు 110 దరిదాపుల్లో వేసుకున్నా నెలకి 670 రూపాయలు తేడా, ఏడాదికి ఎనిమిది వేలు. అవి గాలికి పోయినట్టే.

గ్రీజు చేతులు:
లెక్క బాగానే ఉందండీ, మరి ఆ 60 ఏ స్పీడులో? యాభైలో పోతే ఇంకా ఎక్కువే ఇస్తుంది. వారధి దాటాక యాభైలో పోయి చూడండి, వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తీయడు. అప్పుడు మనమూ డెబ్భై పట్టుకుంటాం. స్పీడు రెట్టింపైతే ఎదురుగాలి తోసేది రెండింతలు కాదు, నాలుగింతలు. ఎనిమిది హార్స్ పవర్ ఇంజను డెబ్భై ఐదులో పోతోందంటే దాని దగ్గర ఇంక పెద్దగా మిగలదు. అప్పుడు మైలేజీ 60 ఉండదు. బస్సుని దాటేద్దామని యాక్సిలరేటర్ తిప్పితే చప్పుడు పెరుగుతుంది, బండి మాత్రం కదలదు. పదిన్నర, పదకొండు హార్స్ పవర్ ఉన్న నూట పాతిక అదే స్పీడులో ఊపిరి తీసుకుంటూ పోతుంది. పైగా హోండా షైన్ లాంటి నూట పాతికలకి ఐదో గేరు ఉంది. నేను ఆటోనగర్‌లో పంతొమ్మిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. బజారుకి, బడికి తిరిగే బండి అయితే నేనూ వంద సీసీయే కొనమంటాను.

నాలుగో లైను:
అన్నా, మంగళగిరి కూడా హైవే మీదే ఉంది. నేను అరవై దాటను. ఎవడు హారన్ కొడితే నాకేంటి, ఎడం పక్కన నా దారి నాది.

గ్రీజు చేతులు:
ఆ ఎడం పక్కనే కదండీ ఎదురొచ్చే ట్రాక్టర్లు, ఆపేసిన లారీలు!

నంబూరు టీచర్:
మీ ఇద్దరూ స్కూటర్ మాటే ఎత్తడం లేదు. నేను ఆరేళ్లుగా స్కూటర్ మీద స్కూలుకి వెళ్తున్నాను. చీర కట్టుకుని గేర్ల బండి నడపమంటే నడపను. కానీ బాబూ, నీకు మాత్రం స్కూటర్ చెప్పను. నాది రానూపోనూ 16 కిలోమీటర్లే. చక్రాలు చిన్నవి. గాలివాన రోజున వారధి మీద పక్కగాలి కొడితే హ్యాండిల్ గట్టిగా పట్టుకోవాల్సి వస్తుంది. రోజూ డెబ్భై అంటే పెద్ద చక్రాల బండే కొనుక్కో. ఇంకోటి, యార్డు దగ్గరకి వెళ్తున్నావు కాబట్టి చెబుతున్నాను: మిర్చి సీజన్లో హెల్మెట్ అద్దం ఎత్తొద్దు. మిర్చి టిక్కీల (బస్తాల) లారీ వెనక పడ్డావంటే ఆ ఘాటుకి కళ్లల్లో నీళ్లు, పైన తుమ్ములు. తుమ్ము వచ్చిందంటే కళ్లు వాటంతట అవే మూతపడతాయి కదా!

రైలు పాసు:
ఇంతకీ బండి ఎందుకు? సీజన్ టికెట్ తీసుకో. పెట్రోలు ఖర్చులో పిసరంత. పేపర్ చదువుకుంటూ వెళ్లొచ్చు, నడుం నొప్పి ఉండదు.

పటమట పిల్లోడు:
ఆలోచించానండీ. పొద్దున రైలు సరిపోతుంది. సీజన్లో సరుకు దిగేటప్పుడు రాత్రి తొమ్మిదయినా వదలరట. ఆఖరి రైలు పోతుందేమోనని రోజూ టెన్షన్ పడలేను. పైగా పటమట నుంచి స్టేషన్‌కి, గుంటూరు స్టేషన్ నుంచి యార్డుకి మళ్లీ ఆటోలు. సీఎన్‌జీ బండి సంగతి ఎవరైనా చెబుతారా? మైలేజీ బాగుంటుందని మా బావ అంటున్నాడు.

గ్రీజు చేతులు:
బజాజ్ వాళ్ల ఫ్రీడమ్ 125. 2024 జూలైలో వచ్చింది. రెండు కిలోల గ్యాసు, రెండు లీటర్ల పెట్రోలు పడతాయి, రెండూ కలిపి 330 కిలోమీటర్లు పోతుందని కంపెనీ మాట. బండి చెడ్డదనను. 149 కిలోలు, ఇరుకు సందులో వెనక్కి తోయాలంటే తెలుస్తుంది. గ్యాసు బంకులో ఆటోల వెనక నిలబడే ఓపిక ఉంటే సరే. నీకు రాత్రి తొమ్మిదింటికి ఆ ఓపిక ఉంటుందా?

నాలుగో లైను:
సెకండ్ హ్యాండ్ మాటేంటి? నలభై, యాభై వేలలో మంచి వంద సీసీ వస్తుంది. మిగిలిన డబ్బు దాచుకోవచ్చు.

గ్రీజు చేతులు:
బెజవాడ బండి అయితే నన్నడిగి కొనండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా షెడ్డు ముందు బళ్లు వరసగా పడి ఉండేవి. ఇంజను విప్పితే ఆయిల్ బదులు టీ రంగు నీళ్లు. చాలామంది నీళ్లు తగ్గగానే సెల్ఫ్ నొక్కారు, అక్కడే చెడింది. వాటిల్లో కొన్ని కడిగి, స్టిక్కర్లు మార్చి అమ్మేశారు. సీటు ఎత్తి వైర్ల కనెక్టర్లు చూడండి. పచ్చటి తుప్పు, మూలల్లో ఎండిన ఒండ్రు ఉంటే దణ్ణం పెట్టి వచ్చేయండి. 2020 ఏప్రిల్ తర్వాతి బళ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌వే, అంటే ఇంజనుకి పెట్రోలు కొలిచి పంపేది ఒక చిన్న కంప్యూటరు; ఆ కంట్రోల్ యూనిట్‌లోకి నీళ్లు వెళ్తే అది పాత కార్బురేటర్ కాదు కడిగి బిగించడానికి.

కొత్తదే తీసుకో తమ్ముడూ. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ముందు చక్రానికి డిస్క్ ఉన్న మోడల్ చూడు. ఈ తరగతిలో సీబీఎస్ (ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకీ పట్టేది) ఎలాగూ వస్తుంది, డబ్బు సరిపోతే ఏబీఎస్ (గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఉన్నవీ ఉన్నాయి. మైలేజీ గురించి ఇంత మాట్లాడుకున్నాం, బ్రేకు ఊసు ఒక్కరూ ఎత్తలేదు.

పటమట పిల్లోడు:
ఆదివారం బాబాయ్ వంద సీసీ, సోమవారం ఫ్రెండ్ నూట పాతిక అడిగి తీసుకుని యార్డు దాకా వెళ్లొచ్చాను. టైములో తేడా చెప్పుకోదగ్గది కాదు. వంద మీద గంటా పది, నూట పాతిక మీద గంటా ఐదు. పోయిందంతా బెంజి సర్కిల్ దగ్గరా, గుంటూరు ఊళ్లోకి దిగాకా. ఆ ట్రాఫిక్‌లో రెండూ ఒకటే. తేడా కాజ టోల్ గేటు దాటాక తెలిసింది. వంద బండి డెబ్భై ఐదు అందుకోగానే అద్దం వణకడం మొదలెట్టింది. వెనక వస్తున్నది ఒక లారీయా రెండు లారీలా అర్థం కాలేదు. నూట పాతిక అద్దంలో లారీ నంబరు ప్లేటు కూడా కనబడింది.

నాలుగో లైను:
అద్దం వణికితే నట్టు బిగించుకోవాలి గానీ కొత్త బండి కొంటారా?

గ్రీజు చేతులు:
బాబాయ్ గారి బండి తీసుకురమ్మనండి, ఊరికే బిగిస్తాను. వణుకు ఆగితే నేను కూడా మీ పార్టీయే.

నంబూరు టీచర్:
ఇంతకీ ఏం తేల్చావు బాబూ?

పటమట పిల్లోడు:
నూట పాతికేనండీ, డిస్క్ ఉన్నదే. బుధవారం బుక్ చేస్తాను. నాన్నకి ఇంకా చెప్పలేదు.