ఘాట్ దిగేటప్పుడు న్యూట్రలా, గేరా? పెట్రోలు నిజంగా ఎందులో మిగులుతుంది?

ముద్దనూరు_కారు:
వచ్చే నెల కుటుంబంతో సొంత కారులో తిరుమల వెళ్తున్నాం. 1.2 లీటర్ల పెట్రోలు ఇంజన్, ఐదు గేర్ల మాన్యువల్ బండి. మైదానంలో నడపడం బాగా అలవాటే కానీ ఘాట్ రోడ్డు దిగడం ఇదే మొదటిసారి. మా మామయ్య చాలా ఏళ్లుగా కారు నడుపుతున్నారు. "పైన టోల్‌గేటు దాటగానే న్యూట్రల్ చేసెయ్, అలిపిరి దాకా పెట్రోలు ఖర్చే ఉండదు, బ్రేకు మీద కాలు ఉంచుకుంటే చాలు" అంటారు. డ్రైవింగ్ నేర్పినాయన మాత్రం గేరులోనే దిగాలన్నారు. ఎందుకని అడిగితే "అది అంతే" అన్నారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి? కారణంతో సహా చెప్పండి, ఇంట్లో వాదించాల్సింది నేనే.

పాత_అంబాసిడర్:
మీ మామయ్య చెప్పింది నిజం. లీటరు పెట్రోలు వంద దాటిన రోజుల్లో పల్లం ఊరికే ఇచ్చే వేగాన్ని కాదనుకోవడం తెలివైన పని కాదు. గేరులో దిగితే ఇంజన్ నిమిషానికి రెండు వేలు, మూడు వేల చుట్లు తిరుగుతుంది. న్యూట్రల్‌లో ఎనిమిది వందలే. ఎక్కువ తిరిగేది ఎక్కువ తాగుతుందని చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. బ్రేకులు కండిషన్‌లో ఉంటే భయం లేదు. నేను హార్స్‌లీ కొండలు, శ్రీశైలం, అనంతగిరి అన్నీ ఇలాగే దిగాను, ఇప్పటికీ దిగుతున్నాను.

నాలుగో_గేరు:
అంబాసిడర్ గారి లెక్క అంబాసిడర్ వరకు అక్షరాలా నిజం. కార్బురేటర్ బండిలో యాక్సిలరేటర్ వదిలేసి గేరులో దిగితే, ఇంజన్ వేగంగా తిరుగుతూ ఆ పీల్పుతో ఐడిల్ దారిలోంచి (యాక్సిలరేటర్ తొక్కకపోయినా ఇంజన్ ఊరికే తిరిగేందుకు ఉండే దారి) పెట్రోలు లాక్కుంటూనే ఉంటుంది. అప్పట్లో న్యూట్రల్ చేసినవాళ్లకు నిజంగానే నాలుగు చుక్కలు మిగిలాయి.

2000 ప్రాంతంలో ఉద్గారాల ప్రమాణాలు బిగుసుకున్నాక కొత్త కార్లలో కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ వచ్చింది, అంటే ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్ పెట్రోలు చిమ్మే పద్ధతి. అక్కడే లెక్క తిరగబడింది. ఇప్పుడు పెట్రోలు వదిలేది కంప్యూటర్. కారు గేరులో ఉండి, యాక్సిలరేటర్ మీద కాలు పూర్తిగా తీసేసి, ఇంజన్ సుమారు 1,500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) పైన తిరుగుతుంటే, ఇంజన్‌ను చక్రాలే తిప్పుతున్నాయని దానికి తెలుస్తుంది. ఇంజెక్టర్లను మూసేస్తుంది. ఖర్చు తగ్గడం కాదు, సున్నా. వేగం పడిపోయి ఆర్‌పీఎం ఐడిల్ దగ్గరికి వచ్చాక, ఇంజన్ ఆగిపోకుండా మళ్లీ పెట్రోలు వదులుతుంది.

న్యూట్రల్‌లో ఇంజన్‌ను తిప్పడానికి చక్రాలు లేవు. అది తనంతట తాను బతకాలంటే పెట్రోలు కావాలి. చిన్న పెట్రోలు కారు ఐడిల్‌లో గంటకు ముప్పావు లీటరుకు అటూ ఇటూ తాగుతుంది. తిరుమల నుంచి దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్నది దేవస్థానం నిబంధన. అంటే న్యూట్రల్‌లో దిగితే అర లీటరు దాకా కాలుతుంది. గేరులో దిగితే దాదాపు ఏమీ కాలదు.

ఇది ఎవరైనా చూసుకోవచ్చు. కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే ఓబీడీ స్కానర్ ఒకటి తగిలించి ఫోనులో ఇంధన ప్రవాహం గడి తెరవండి. పల్లంలో మూడో గేరులో యాక్సిలరేటర్ వదిలితే సున్నా చూపిస్తుంది, న్యూట్రల్ చేయగానే అంకె లేస్తుంది.

పాత_అంబాసిడర్:
స్కానర్లు, కంప్యూటర్లు సరే. కానీ నాకు ఇంకో సంగతి చెప్పండి. గేరులో వదిలేస్తే బండిని ఇంజన్ వెనక్కి లాగుతుంది కదా? హైవే మీద కనిపించీ కనిపించని పల్లం వస్తుంది. అక్కడ న్యూట్రల్ చేస్తే ఎనభైలో కిలోమీటరు సాగిపోతాను. మీరు గేరులో ఉంటే సగం దూరంలోనే వేగం పడి మళ్లీ యాక్సిలరేటర్ తొక్కాలి. ఆ తొక్కిన పెట్రోలు ఎవరి ఖాతాలో వేస్తారు?

ఇంకో సంగతి. ఇంజన్‌తో బ్రేకు వేస్తే అరిగేది క్లచ్. బ్రేకు ప్యాడ్లు మార్చడం చవక, చిన్న పని. క్లచ్ మార్చాలంటే గేర్‌బాక్సు కిందికి దించాలి. చవకైనదాన్ని కాపాడి ఖరీదైనదాన్ని అరగదీయడం ఏ రకం పొదుపు?

నాలుగో_గేరు:
మొదటి ప్రశ్న గట్టిది, ఒప్పుకుంటాను. కనిపించీ కనిపించని పల్లంలో, వేగం తగ్గించాల్సిన అవసరమే లేనప్పుడు, విడిచిపెట్టి దొర్లించడంలో లాభం ఉంది. కొన్ని కంపెనీలు ఆటోమేటిక్ కార్లలో ఈ పనిని కంప్యూటర్‌కే అప్పగించాయి కూడా. అవసరమైన క్షణంలో అదే తిరిగి గేరు కలుపుతుంది.

కానీ ముద్దనూరు గారు అడిగింది హైవే గురించి కాదు. ఘాట్‌లో వేగం మిగలడం మన సమస్య కాదు, ఎక్కువైన వేగాన్ని ఎక్కడ పారబోయాలన్నదే సమస్య. బ్రేకు తొక్కుతూ న్యూట్రల్‌లో దిగేవాడు ఒక చేత్తో పెట్రోలు కాలుస్తూ, రెండో చేత్తో వేగాన్ని వేడి కింద పారేస్తున్నాడు.

క్లచ్ సంగతి: పెడల్ పూర్తిగా వదిలేశాక క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు అతుక్కుని దాంతోపాటే తిరుగుతుంది. జారుడు లేనిచోట అరుగుదల ఉండదు. అరిగేది గేరు తగ్గించే ఆ ఒక్క క్షణంలో, అదీ ఆర్‌పీఎం కలపకుండా పెడల్‌ను ధబీమని వదిలితే. గేరు తగ్గించేటప్పుడు యాక్సిలరేటర్‌ను కొద్దిగా తాకి వదిలితే ఆ కుదుపు కూడా ఉండదు. ఊళ్లో ప్రతి సిగ్నల్ దగ్గరా నాలుగు, మూడు, రెండు అంటూ గేర్లు దించుకుంటూ ఆగేవాళ్లకు మాత్రం మీ మాట వర్తిస్తుంది. అక్కడ బ్రేకే వాడాలి.

లెక్కల_మాస్టారు:
ఆ పారబోసే వేడి ఎంతో చూద్దాం. కొండ పైనుంచి అలిపిరికి సుమారు 650 మీటర్ల ఎత్తు తేడా అనుకుందాం. మనుషులు, సామానుతో కారు 1,300 కిలోలు. బరువును, ఎత్తును, 9.8ని హెచ్చవేస్తే 83 లక్షల జౌళ్ల దాకా వస్తుంది. పాతిక లీటర్ల మామూలు నీళ్లను మరిగే స్థితికి తేవడానికి చాలినంత వేడి. న్యూట్రల్‌లో దిగేవారు ఇదంతా నాలుగు చక్రాల దగ్గర, ముఖ్యంగా ముందు రెండు డిస్కుల దగ్గర, పుట్టిస్తున్నారు.

గాలి_టైరు:
మాస్టారూ, టైర్ల వాటా మరిచారు. దొర్లేటప్పుడు టైర్లు తినేది బరువులో సుమారు 1.2 శాతం అనుకుంటే, 19 కిలోమీటర్ల దారికి 29 లక్షల జౌళ్లు అక్కడే పోతాయి. గాలి నిరోధం ఆ వేగాల్లో పెద్దగా లెక్కలోకి రాదు. బ్రేకుల మీద పడేది 54 లక్షలు. మీ పాతిక లీటర్లు పదిహేడుకు దిగాయి.

లెక్కల_మాస్టారు:
పదిహేడే కానివ్వండి. డిస్కుల మధ్య పెట్టుకోవడానికి అదీ తక్కువ కాదు.

అలిపిరి_టాక్సీ:
రోజూ ఆ దారిలో తిరిగేవాడిగా రాస్తున్నాను. పాత ఘాట్ 1944లో వేసింది, ఇప్పుడు దిగడానికి మాత్రమే వాడతారు. వంకర మలుపులు ఎక్కువ. కొత్త ఘాట్ ఎక్కడానికి. దిగే రోడ్డులో ఎదురు బండ్లు రావు కాబట్టి మైదానం నుంచి వచ్చినవాళ్లకు ధైర్యం ఎక్కువవుతుంది. 40 నిమిషాల కంటే ముందే దిగితే కింద ఆపి అడుగుతారు. అయినా కొందరు గబగబా దిగి, చెక్‌పోస్టుకు ముందు రోడ్డు పక్కన ఆపి సమయం గడుపుతారు. ఆ ఆగిన బండ్ల దగ్గరికి వెళ్తే ప్యాడ్లు మాడిన వాసన కొడుతుంది. కొన్నిటికి చక్రాల దగ్గర పొగ కూడా వస్తుంది. అప్పుడు బాటిల్ తీసి డిస్కు మీద నీళ్లు పోస్తారు! ఎర్రగా కాగిన ఇనుము మీద చల్లనీళ్లు పోస్తే డిస్కు వంగుతుంది, పగలనూ వచ్చు. అలా చేయకండి, ఊరికే ఆరనివ్వండి.

మేం చేసేది ఇది. టోల్‌గేటు దగ్గరే రెండో గేరు. ముప్పై వేగంలో రెండు వేల ఆర్‌పీఎం చుట్టుపక్కల తిరుగుతూ బండి తనంతట తానే నిలదొక్కుకుంటుంది. తిన్నగా ఉన్నచోట మూడు. మలుపుకు ముందే, మలుపులో కాదు, మళ్లీ రెండు. బ్రేకు తొక్కితే గట్టిగా తొక్కి వేగం తగ్గించి పూర్తిగా వదిలేయాలి. గంటసేపు కాలు మెత్తగా ఆనించి ఉంచడం అన్నిటికంటే చెడ్డ అలవాటు, ప్యాడ్‌కు చల్లబడే సందు ఉండదు. క్లచ్ తొక్కి పట్టుకుని దిగేవాళ్లను కూడా చూశాను. గేరు రాడ్డు రెండులో ఉందని వాళ్ల ధీమా. క్లచ్ తొక్కాక రెండులో ఉన్నా న్యూట్రల్‌లో ఉన్నా ఒకటే, పైగా క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ అరిగిపోతుంది.

పాత_అంబాసిడర్:
మంచి బ్రేకులుంటే ఈ వాసనలన్నీ ఎందుకు వస్తాయి? నాకు ఇంతవరకు రాలేదు.

అలిపిరి_టాక్సీ:
మీరు ఒక్కరే కారులో వెళ్లి ఉంటారు. అయిదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను వేసుకుని దిగి చూడండి అన్నా. ఇంకొకటి, బ్రేకు ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చించారు?

నాలుగో_గేరు:
ఆ ప్రశ్న అసలైనది. కార్లలో మామూలుగా వాడే డాట్ 3 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230 దాకా. కానీ అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టాక ఆ కనీస హద్దు 140కి, 155కి పడిపోతుంది. ప్యాడ్ల వేడి కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) దాకా పాకి ఫ్లూయిడ్ మరిగితే పైపులో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడల్ నేల దాకా వెళ్తుంది, బండి ఆగదు. "బ్రేకులు ఫెయిలయ్యాయి" అని విన్న కథల్లో కొన్నిటి వెనుక ఉండేది ఇదే. బండి కిందికి వచ్చి చల్లారాక మెకానిక్ చూస్తే పెడల్ గట్టిగానే ఉంటుంది, డ్రైవరే అబద్ధం చెప్పాడంటారు.

ఆ క్షణంలో గేరులో ఉన్నవాడికి ఇంకా ఇంజన్ మిగిలి ఉంటుంది. న్యూట్రల్‌లో ఉన్నవాడు అప్పటికే డెబ్బైలో ఉంటే, రెండో గేరు వేద్దామన్నా గేర్‌బాక్సు ఒప్పుకోదు.

సీలేరు_డీజిల్:
ఇక్కడ కొండగట్టును ఎవరూ తలవలేదు. 2018 సెప్టెంబర్‌లో ఘాట్ దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా పోయారు. బస్సులో వందకు పైగా జనం ఉన్నారు. డీజిలు ఆదా కోసం న్యూట్రల్‌లో దింపారన్న మాట కూడా అప్పట్లో వినిపించింది.

నాలుగో_గేరు:
విన్నాను. అయితే ఆ ప్రమాదానికి బ్రేకులు, కిక్కిరిసిన జనం, రోడ్డు అంటూ అనేక కారణాలు చెప్పుకొన్నారు. అంతమంది పోయిన సంఘటనను మన వాదనకు సాక్ష్యంగా లాక్కురావడం నాకు ఇష్టం లేదు. ఇంజన్ ఎలా పనిచేస్తుందన్నదే ఈ ప్రశ్నకు చాలు.

సీలేరు_డీజిల్:
సరే. నా అసలు సందేహం వేరు. నాది డీజిల్ బండి. డీజిల్‌కు కంప్రెషన్ ఎక్కువ కాబట్టి ఇంజన్ పట్టు ఇంకా ఎక్కువ ఉంటుందంటారు. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు దిగేటప్పుడు నాకు అంత పట్టు అనిపించదు.

నాలుగో_గేరు:
మీకు అనిపించింది సరైనదే. పెట్రోలు ఇంజన్‌లో యాక్సిలరేటర్ వదలగానే గాలి దారి మూసుకుంటుంది, మూతపడిన దారిలోంచి గాలి పీల్చడానికి పడే శ్రమే బండిని పట్టి ఉంచుతుంది. డీజిల్‌లో ఆ మూత అంతగా పనిచేయదు. నొక్కిన గాలి తిరిగి పిస్టన్‌ను తోసేస్తుంది కాబట్టి కంప్రెషన్‌లో పెట్టిన బలం చాలావరకు వెనక్కి వస్తుంది. లారీలకు విడిగా ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ బయటికి పోయే దారిని మూసి ఇంజన్‌ను బిగబట్టేది) పెట్టేది అందుకే. డీజిల్ కారులో ఒక గేరు ఇంకా తక్కువలో దిగండి.

"ఎక్కిన గేరులోనే దిగు" అన్న పాత సూత్రం కూడా ఇప్పుడు అన్ని బండ్లకూ సరిపోదు. లీటరు టర్బో ఇంజన్లు మూడో గేరులో సునాయాసంగా ఎక్కేస్తాయి. దిగేటప్పుడు ఆ చిన్న ఇంజన్ మూడులో ఏమీ పట్టుకోలేదు. బ్రేకు తరచుగా తొక్కాల్సి వస్తోందంటే గేరు ఎక్కువలో ఉందని లెక్క.

పాత_అంబాసిడర్:
తిరుమల మట్టుకు గేరే కానివ్వండి, సామాను బరువు దగ్గర మీ మాట నిలిచింది. కానీ కడప నుంచి రాజంపేట దారిలో వచ్చే పల్లాల్లో నేను న్యూట్రల్ మానను.

నాలుగో_గేరు:
ఇంజన్ మాత్రం ఆపకండి. తాళం తిప్పితే బ్రేకు బూస్టర్‌లో (మన కాలి బలాన్ని పెంచే భాగం) నిల్వ ఉన్న వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుస్తుంది. స్టీరింగూ బరువెక్కుతుంది. తాళం పూర్తిగా వెనక్కి తిప్పితే లాక్ పడే బండ్లూ ఉన్నాయి.

ముద్దనూరు_కారు:
అందరికీ ధన్యవాదాలు. రెండు చిన్న ప్రశ్నలు. రెండో గేరులో మూడు వేల ఆర్‌పీఎం దాటితే ఇంజన్ అరుస్తుంది, ఇంట్లోవాళ్లు భయపడతారు, వేడెక్కి పాడవుతుందా? శ్రీమతి కారు ఏఎంటీ, గేర్లు తనే మార్చుకుంటుంది, దానికి క్లచ్ పెడల్ లేదు, దాన్ని తీసుకెళ్తే ఏం చేయాలి?

అలిపిరి_టాక్సీ:
అరుపుకు భయపడొద్దు. మంట లేని ఇంజన్ ఎంత తిరిగినా వేడెక్కదు, ఎర్రగీత దగ్గరికి పోనివ్వకపోతే చాలు. నాలుగు వేలకు దగ్గరవుతుంటే ఒక్కసారి గట్టిగా బ్రేకు తొక్కి వదలండి, మళ్లీ రెండు వేలకు వస్తుంది. ఏఎంటీ అయితే టోల్‌గేటు దగ్గరే రాడ్డును మాన్యువల్ వైపు జరిపి రెండులో పెట్టండి. డీ (డ్రైవ్)లో వదిలేస్తే పల్లంలో అదే పై గేరు వేసుకుంటుంది. బయలుదేరే ముందు ఫ్లూయిడ్ చూపించుకోండి. రెండేళ్లు దాటితే మార్చించేయండి.