ప్రీ-64 వించెస్టర్ మోడల్ 70: నిజంగా అంత గొప్పా?

ప్రశ్న: అమెరికా వేటగాళ్లు 1964కి ముందు తయారైన వించెస్టర్ మోడల్ 70 రైఫిల్ అంటే ప్రాణం పెడతారు. తేడా నిజమేనా, పేరు మోజా? కొనేముందు ఏం చూడాలి?

జవాబు 1: తేడా ఉందండీ. పాతదాని బోల్టు (తూటాను బ్యారెల్‌లోకి తోసే కడ్డీ) పక్కన పొడవాటి పంజాలాంటి ఎక్స్‌ట్రాక్టర్, అంటే తూటాను పట్టి వెనక్కి లాగే కొక్కెం, ఉంటుంది. మ్యాగజైన్‌లోంచి తూటా పైకి రాగానే దాని అంచు పట్టేస్తుంది. బోల్టు సగంలోనే వెనక్కి లాగినా తూటా బయటికొచ్చేస్తుంది. 1964లో ఖర్చు తగ్గించడానికి దాన్ని తీసేసి, బోల్టు ముఖంలో చిన్న కొక్కెం పెట్టారు. తుపాకీ కర్ర మీద పట్టు కోసం గళ్లు చెక్కడం మానేసి అచ్చు గుద్దారు. తడిమితే తెలిసిపోతుంది: పాతవి వేలికి గుచ్చుకుంటాయి, అచ్చువి జారతాయి. 1990ల్లో పంజాను మళ్లీ తెచ్చారు లెండి.

జవాబు 2: పాతదంతా బంగారమేం కాదు. తూటా అడుగు పగిలితే గ్యాసును ఆపడంలో 64 తర్వాతదే మెరుగు. సీరియల్ నంబరు 7,00,000 దాటితే కొత్త రకమే. బ్యారెల్ మీద అక్షరాల అంచులు మసకబారాయంటే పాలిష్ పట్టి మళ్లీ బ్లూయింగ్ (ఇనుముకు వేసే నీలి నలుపు పూత) చేసినట్టే, ధర తగ్గించమనండి.

జవాబు 3: స్టాక్ (తుపాకీ కర్ర) విప్పితే, తిరిగి బిగించేటప్పుడు ముందు, వెనక స్క్రూలు గట్టిగా, మధ్యది తగిలీ తగలనట్టు బిగించాలి. మధ్యది లాగి బిగిస్తే రిసీవర్ (బోల్టు కదిలే ఇనుప భాగం) వంగి, గురి చెదురుతుంది. చాలామంది తప్పు బ్యారెల్‌దనుకుంటారు.