అంతర్జాతీయ సరకు రవాణా ఉద్గారాల అంచనాలు ఇంతగా ఎందుకు మారుతున్నాయి?

ప్రశ్న:
ఓడల నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్ 2050 నాటికి 50 నుంచి 250 శాతం దాకా పెరగవచ్చని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2014 నాటి అధ్యయనం చెప్పింది. అదే సంస్థ 2020 అధ్యయనం మాత్రం, 2050లో ఆ ఉద్గారాలు 2008 నాటి స్థాయిలో 90 నుంచి 130 శాతం మధ్య ఉంటాయని తేల్చింది. ఆరేళ్లలో అంచనా ఇంతగా దిగడానికి కారణమేమిటి? విధాన నిర్ణయాలకు ఇలాంటి లెక్కలను ఎంతవరకు నమ్మవచ్చు?

సమాధానం 1:
ఆ రెండు లెక్కలూ ఒకే సంవత్సరంతో పోల్చినవి కావని ముందుగా గమనించండి. దాన్ని సరిచేసుకున్నా మిగిలే తేడాలో పెద్ద భాగం ఆర్థిక వృద్ధి అంచనా తగ్గడం వల్ల వచ్చినదే. దానికి తోడు, ఆర్థిక వృద్ధికీ వాణిజ్యానికీ ఉన్న నిష్పత్తీ మారింది. 1990లలో ప్రపంచ వాణిజ్యం స్థూలోత్పత్తి (జీడీపీ) కంటే దాదాపు రెట్టింపు వేగంతో పెరిగింది. 2008 సంక్షోభం తరువాత రెండూ ఇంచుమించు సమానంగా నడుస్తున్నాయి. పాత నిష్పత్తినే దశాబ్దాల పాటు పొడిగిస్తే, ఏటా పడే చిన్న పొరపాటు చక్రవడ్డీలా పేరుకుంటుంది.

సమాధానం 2:
పై వివరణ సరైనదే కానీ, అంతకంటే బలహీనమైన మెట్టు మరొకటి ఉందని నా అభిప్రాయం. వాణిజ్య నమూనాలు సరకు విలువను డబ్బులో చెబుతాయి. ఓడ మోసేది బరువును. విలువను టన్నులుగా, వాటిని దూరంతో గుణించి టన్ను-కిలోమీటర్లుగా, చివరికి ఇంధనంగా మార్చే ప్రతి చోటా ఒక ఊహ చేరుతుంది. సముద్రం మీద సాగే సరకు బరువులో సుమారు 40 శాతం బొగ్గు, చమురు, గ్యాస్‌లదే. దేశాలు తమ వాతావరణ లక్ష్యాలను నిజంగా పాటిస్తే ఆ సరకే తగ్గిపోవాలి. ఇంధన విధానంతో ముడిపెట్టకుండా రవాణా పరిమాణాన్ని పెంచుకుంటూ పోయే అంచనాలో పొంతన ఉండదు. దూరమూ స్థిరం కాదు: 2023 చివర ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక ఎన్నో ఓడలు సూయజ్ కాలువను విడిచి, ఆఫ్రికా దక్షిణ కొసను చుట్టి వెళ్లి, అదే సరకుకు ఎక్కువ ఇంధనం కాల్చాయి.

సమాధానం 3:
వేగాన్ని మరువకూడదు. ఓడ వేగాన్ని పదో వంతు తగ్గిస్తే అదే దూరానికి అయ్యే ఇంధనంలో స్థూలంగా ఐదో వంతు మిగులుతుంది. 2008 తరువాత గిరాకీ లేక ఓడలు నెమ్మదించినందువల్ల వచ్చిన తగ్గుదలను శాశ్వతమైన సాంకేతిక ప్రగతిగా లెక్కగడితే, గిరాకీ పుంజుకొని అవి మళ్లీ వేగం పెంచిన రోజున ఆ అంచనా నిలవదు.

మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఇది: ఆ అంకెలు కొత్త విధానాలేవీ రాకపోతే ఏమవుతుందో చెప్పేవే తప్ప జోస్యాలు కావు. 2050 ప్రాంతానికి నికర ఉద్గారాలను సున్నాకు తేవాలని ఆ సంస్థ 2023లో లక్ష్యం పెట్టుకుంది కనుక, ఏ అంచనానైనా చేతిలోకి తీసుకున్నప్పుడు ముందు చూడవలసింది చివరి అంకెను కాదు, అందులో ఇంధన మార్పును ఏ ఏడాది నుంచి, ఏ వేగంతో ఊహించారన్నది.